పెద్ద వజ్రం కొంటున్నారా? కట్ చూడాలా.. కలర్ చూడాలా? డబ్బు కట్టే ముందు ఇది తెలుసుకోండి

పెళ్లి ఉంగరం కోసం షోరూమ్‌కి వెళ్లారు. ట్రేలో రెండు వజ్రాలు పెట్టారు. రెండూ గుండ్రటివే, రెండూ రెండేసి క్యారెట్లే. మొదటిది ‘డి’ కలర్, కట్ మాత్రం ‘గుడ్’. రెండోది ‘హెచ్’ కలర్, కట్ ‘ఎక్సలెంట్’. మొదటిదాని ధర ఎక్కువ. "డి అంటే టాప్ కలర్ మేడమ్, దాన్ని మించింది లేదు" అంటాడు సేల్స్‌మన్. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ చూస్తుంటే రెండోదే ఎక్కువ మెరుస్తోంది. ఇప్పుడు ఏది తీసుకోవాలి?

బంగారం అయితే మనకి లెక్క తెలుసు. హాల్‌మార్క్ ఉందా, తరుగు ఎంత, ఇవాళ గ్రాము రేటు ఎంత.. అన్నీ అడుగుతాం. వజ్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాగితం మీద ఉన్న ఒక్క ఇంగ్లీషు అక్షరం చూసి లక్షలు కట్టేస్తాం. అసలు ఆ అక్షరం ఏం చెబుతుంది, ఏం చెప్పదు? వివరంగా చూద్దాం.

కలర్ అంటే ఏంటి?

ముందు బరువు సంగతి. వజ్రానికి ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు. మన దగ్గర షాపుల్లో ‘సెంట్లు’ అంటుంటారు కదా.. అలాంటి 100 సెంట్లు కలిస్తే ఒక క్యారెట్. బంగారం స్వచ్ఛతకి చెప్పే క్యారెట్‌కి, దీనికి సంబంధం లేదు.

ఇక కలర్. వజ్రంలో నైట్రోజన్ కలిసి ఉంటే లేత పసుపు ఛాయ వస్తుంది. ఆ ఛాయ ఎంత తక్కువగా ఉంటే గ్రేడ్ అంత ఎక్కువ. అమెరికాకి చెందిన జీఐఏ సంస్థ పెట్టిన స్కేల్‌నే ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. అది ‘డి’తో మొదలై ‘జెడ్’తో ముగుస్తుంది. ‘ఏ’తో ఎందుకు మొదలుపెట్టలేదంటే.. అంతకుముందు వ్యాపారులు ‘ఏ’, ‘బీ’, ‘సీ’ అక్షరాల్ని ఎవరికి తోచినట్టు వాళ్లు వాడేసేవారు. ఆ గందరగోళం వద్దని కొత్త స్కేల్‌ని ‘డి’ నుంచి పెట్టారు.

డి, ఈ, ఎఫ్: రంగు లేనివి
జి, హెచ్, ఐ, జె: దాదాపు రంగు లేనివి
కె, ఎల్, ఎమ్: లేత ఛాయ కనిపించేవి
ఆ తర్వాతవి: పసుపు తెలిసిపోయేవి

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ల్యాబ్‌లో కలర్ గ్రేడ్ ఇచ్చేటప్పుడు వజ్రాన్ని తలకిందులుగా పెడతారు. ప్రత్యేకమైన లైటు కింద, నమూనా రాళ్ల పక్కన పెట్టి పోలుస్తారు. ఎందుకంటే పైనుంచి చూస్తే మెరుపు వల్ల రంగు సరిగ్గా తెలియదు. మనం ఉంగరం పెట్టుకుని చూసేది మాత్రం పైనుంచే! అందుకే ఉంగరంలో బిగించాక పక్కపక్క గ్రేడ్‌ల మధ్య తేడాని మామూలు కంటితో పట్టుకోవడం కష్టం. బిల్లులో మాత్రం ఆ తేడా బాగానే కనిపిస్తుంది.

కట్ అంటే ఆకారం కాదు

రౌండ్, ఓవల్, పియర్.. ఇవి ఆకారాలు. కట్ అంటే సాన పట్టిన తీరు. ముఖాలు ఏ కోణంలో ఉన్నాయి, ఎంత లోతు ఉంది, ఒకదానికొకటి ఎంత సరిగ్గా కుదిరాయి అన్నదే కట్. వజ్రాన్ని వజ్రంతోనే కోయాలి అంటారు కదా.. ఆ కోయడం ఎంత బాగా జరిగిందో చెప్పేదే ఈ గ్రేడ్. కలర్ భూమి ఇచ్చింది. కట్ మనిషి చేసింది. ఆ మనిషి చాలాసార్లు మన సూరత్‌లోనే ఉంటాడు. ప్రపంచంలో అమ్ముడయ్యే వజ్రాల్లో అత్యధిక భాగానికి సాన పట్టేది అక్కడే.

గుండ్రటి వజ్రాలకి జీఐఏ 2006 నుంచి కట్ గ్రేడ్ ఇస్తోంది. ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్.. మొత్తం ఐదు. వినడానికి ‘గుడ్’ బాగానే ఉంటుంది. కానీ ఐదింటిలో అది మూడోది అని గుర్తుపెట్టుకోండి.

మెరుపు ఎక్కడి నుంచి వస్తుంది?

వజ్రం తనంతట తాను వెలగదు. పైనుంచి పడిన వెలుతురుని వెనక్కి పంపుతుంది, అంతే. లోపలికి వెళ్లిన కాంతి కింది ముఖాలకి తగిలి, అటు నుంచి ఇటు మళ్లి, మళ్లీ పైకి రావాలి. వజ్రంలో కాంతి సుమారు 24 డిగ్రీల కంటే ఎక్కువ కోణంలో ముఖానికి తగిలితే బయటికి పోలేక లోపలికే తిరుగుతుంది. అంతకంటే తక్కువ కోణంలో తగిలితే కారిపోతుంది.

కింది భాగం మరీ పల్చగా ఉంటే వెలుతురు అడుగునుంచి జారిపోతుంది. రాయి నీళ్లలా, చప్పగా కనిపిస్తుంది. మరీ లోతుగా ఉంటే పక్కల నుంచి పోతుంది. అప్పుడు మధ్యలో నల్లటి మచ్చలా కనబడుతుంది. ఈ లెక్కలని 1919లోనే మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే ఇంజినీర్ పుస్తకంగా రాశాడు. కింది కోణం 40.75 డిగ్రీలు, పై కోణం 34.5 డిగ్రీలు ఉంటే మెరుపు బాగుంటుందని తేల్చాడు. వందేళ్లు దాటినా సాన పట్టేవాళ్లు ఇప్పటికీ ఆ అంకెల చుట్టుపక్కలే తిరుగుతున్నారు.

అంటే ‘డి’ కలర్ అయినా కట్ బాగోకపోతే అది తెల్లగా ఉన్న గాజు ముక్కలాగే కనిపిస్తుంది.

కోహినూర్‌కీ ఈ తిప్పలు తప్పలేదు

నమ్మకం కుదరలేదా? అయితే మన కోహినూర్ కథే వినండి. కృష్ణా ఒడ్డున ఉన్న కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే ఈ వజ్రం 1851లో లండన్ ఎగ్జిబిషన్‌లో జనం ముందుకి వచ్చింది. రంగులో దానికి వంక లేదు. గోల్కొండ వజ్రాలు అంటేనే నీటి చుక్కలా తేటగా ఉంటాయని పేరు. బరువు చూస్తే ఆనాటి లెక్కలో 186 క్యారెట్లు. అయినా చూసినవాళ్లు పెదవి విరిచారు. ఇదేంటి, మెరవట్లేదేంటి అన్నారు. గ్యాస్ దీపాలు పెట్టి చూపించినా లాభం లేకపోయింది.

కారణం కట్. మొఘలుల కాలంలో మన దగ్గర రాయి బరువు పోకుండా చూసుకుంటూ సాన పట్టేవారు. మెరుపు కంటే పరిమాణానికే విలువ ఎక్కువ. దాంతో 1852లో డచ్ పనివాళ్లని పిలిపించి మళ్లీ కోయించారు. 38 రోజులు పట్టింది. చివరికి మిగిలింది 105.6 క్యారెట్లు. 40 శాతానికి పైగా బరువు పోయింది. కొత్త మెరుపు కోసం అప్పటి రాజకుటుంబం అంత పెద్ద నష్టానికి సిద్ధపడింది. అలా కోయడం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. కానీ ఒక్కటి మాత్రం స్పష్టం. మంచి రంగు ఒక్కటే ఉంటే వజ్రం మెరవదు.

అయితే కలర్‌ని వదిలేయొచ్చా?

లేదు. పెద్ద రాయి విషయంలో అసలు ట్విస్ట్ ఇక్కడే ఉంది.

టీ డికాక్షన్ ఒక స్పూను తెల్ల పళ్లెంలో పోయండి. లేతగా కనిపిస్తుంది. అదే గ్లాసు నిండా పోస్తే ముదురుగా ఉంటుంది. డికాక్షన్ ఒకటే, మందం మారింది. వజ్రంలోనూ అంతే. రాయి పెద్దదయ్యేకొద్దీ వెలుతురు లోపల ఎక్కువ దూరం తిరుగుతుంది. ఉన్న ఛాయ కాస్త ఎక్కువగా బయటపడుతుంది. 20 సెంట్ల దుద్దుల్లో ‘జె’ కలర్ తెల్లగానే ఉంటుంది. మూడు క్యారెట్ల ఉంగరంలో అదే ‘జె’ పక్కనుంచి చూస్తే పసుపు తెలుస్తుంది.

అందుకే చిన్న రాళ్లకి పనికొచ్చే ‘కట్ చూడు, కలర్ మర్చిపో’ అనే సలహా పెద్ద రాయికి పూర్తిగా పనికిరాదు. ఇక్కడ ముందు కట్ దగ్గర రాజీపడకుండా ఉండాలి. ఆ తర్వాత కలర్ ఎంత వరకు దిగొచ్చో లెక్క చూసుకోవాలి.

కట్ బాగోకపోతే ఇంకో నష్టం కూడా ఉంది. సరిగ్గా కోసిన రెండు క్యారెట్ల గుండ్రటి వజ్రం వెడల్పు సుమారు 8.1 నుంచి 8.2 మిల్లీమీటర్లు ఉంటుంది. లోతు ఎక్కువ ఉంచేసి కోస్తే 7.7 మిల్లీమీటర్లే రావొచ్చు. అంటే మీరు రెండు క్యారెట్లకి డబ్బు కడతారు, చూసేవాళ్లకి మాత్రం 1.7 క్యారెట్ల రాయిలా కనిపిస్తుంది. మిగతా బరువంతా ఎవరికీ కనబడని అడుగున దాక్కుంటుంది. సరిగ్గా రెండు క్యారెట్లు, మూడు క్యారెట్లు దాటితే ధర ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి, ఆ గీత దాటించడానికే కొన్ని రాళ్లని ఇలా లోతుగా ఉంచేస్తారు.

కలర్ ఎక్కడ తగ్గించుకోవచ్చు?

ఏ లోహంలో బిగిస్తున్నారన్నదే ముఖ్యం.

ప్లాటినం, వైట్ గోల్డ్: ‘జి’ లేదా ‘హెచ్’ చాలు. తెల్ల లోహం పక్కన పసుపు ఛాయ తొందరగా తెలిసిపోతుంది కాబట్టి ఇంకా కిందికి వెళ్లకపోవడమే మంచిది.
పసుపు బంగారం, రోజ్ గోల్డ్: ‘ఐ’, ‘జె’ దాకా వెళ్లొచ్చు. బంగారం రంగే రాయిలో ప్రతిఫలిస్తుంది. అందులో ‘డి’ కలర్ పెట్టించి దాని తెలుపు కోసం డబ్బు పోయడం దండగ.
మూడు క్యారెట్లు దాటితే: పై లెక్కకి ఒక గ్రేడ్ ఎక్కువ చూసుకోండి.

బామ్మల కాలంలో ‘బ్లూ జాగర్’ వజ్రాలని గొప్పగా చెప్పుకునేవారు, గుర్తుందా? దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటెయిన్ గని పేరు మీద వచ్చిన మాట అది. ఎండలో లేత నీలం మెరుపు వాటి ప్రత్యేకత. ఇప్పుడు సర్టిఫికెట్‌లో దీన్నే ‘ఫ్లోరసెన్స్’ అని రాస్తారు. ‘ఐ’, ‘జె’ లాంటి కలర్‌లో నీలం ఫ్లోరసెన్స్ ఉంటే పగటి వెలుతురులో రాయి కాస్త తెల్లగా కనిపించే అవకాశం ఉంది. ధర కూడా కలిసొస్తుంది. కానీ బాగా ఎక్కువ ఉన్న కొన్ని రాళ్లు మసకగా కనిపిస్తాయి. అందుకే ఎండ వెలుతురులో స్వయంగా చూశాకే తీసుకోవాలి.

రౌండ్ కాకపోతే?

జీఐఏ కట్ గ్రేడ్ ఇచ్చేది గుండ్రటి వజ్రాలకే. ఓవల్, కుషన్, ఎమరాల్డ్ ఆకారాలకి ఆ సంస్థ పాలిష్, సిమెట్రీ మాత్రమే చెబుతుంది. అక్కడ రెండు ‘ఎక్సలెంట్’లు కనబడినా అవి కట్ గ్రేడ్ కాదు. కాబట్టి అక్కడ మీ కళ్లే సర్టిఫికెట్. ఓవల్, పియర్ రాళ్లలో మధ్యలో బో టై ఆకారంలో నల్ల నీడ పడుతుందేమో చూడండి. కుషన్, రేడియంట్ ఆకారాలు రంగుని పట్టి ఉంచుతాయి, పియర్‌కి కొనల దగ్గర ఛాయ చేరుతుంది. ఇలాంటి వాటిలో కలర్ ఒక గ్రేడ్ ఎక్కువ తీసుకోవడం మేలు.

షాపులో ఇలా చెక్ చేయండి

1. షోరూమ్ ఫోకస్ లైట్ల కింద ఏ రాయైనా మెరుస్తుంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి నీడపట్టున చూడండి. అక్కడా మెరిస్తే కట్ బాగున్నట్టే.
2. తెల్ల కాగితాన్ని మడిచి, అందులో రాయిని పక్కకి తిప్పి పెట్టండి. కలర్ అప్పుడే తెలుస్తుంది. వీలైతే రెండు మూడు గ్రేడ్‌లు పక్కపక్కన పెట్టించుకోండి.
3. సర్టిఫికెట్‌లో అంకెలు చదవండి. గుండ్రటి రాయికి టేబుల్ 54 నుంచి 58 శాతం, మొత్తం లోతు 60 నుంచి 62.5 శాతం, పై కోణం 34 నుంచి 35 డిగ్రీలు, కింది కోణం 40.6 నుంచి 41 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. ‘ఎక్సలెంట్’ అని రాసి ఉన్నవన్నీ ఒకేలా ఉండవు.
4. వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో అడగండి. బరువు ఒక్కటే చూడొద్దు.
5. సర్టిఫికెట్ నంబర్‌ని ల్యాబ్ వెబ్‌సైట్‌లో మీ ఫోన్‌లోనే కొట్టి చూడండి. రాయి అంచు మీద లేజర్‌తో నంబర్ చెక్కి ఉంటే భూతద్దంలో చూపించమనండి. సహజ వజ్రమా, ల్యాబ్ గ్రోన్ వజ్రమా అన్నది కూడా అందులోనే ఉంటుంది.
6. ఏ ల్యాబ్ ఇచ్చిన గ్రేడో చూడండి. ఒక ల్యాబ్ ‘జి’ అన్న రాయిని ఇంకో ల్యాబ్ ‘హెచ్’ అనొచ్చు.
7. వజ్రానికి బంగారంలా రోజువారీ రేటు ఉండదు. వెనక్కి ఇస్తే ఎంత ఇస్తారో, మార్చుకుంటే ఎంత తగ్గిస్తారో బిల్లు మీద రాయించుకోండి.

చివరగా..

మొదట చెప్పిన ట్రే దగ్గరికి వద్దాం. రెండు క్యారెట్ల గుండ్రటి రాయి, వేలికి పెట్టుకుని మురిసిపోవడానికే అయితే ‘హెచ్’ కలర్, ‘ఎక్సలెంట్’ కట్ ఉన్నదే తెలివైన ఎంపిక. డబ్బు మిగులుతుంది, మెరుపూ మిగులుతుంది. ‘డి’ కలరే కావాలని మనసులో గట్టిగా ఉంటే అదీ తప్పు కాదు. అప్పుడు బడ్జెట్ సరిపోకపోతే బరువు తగ్గించుకోండి. రెండు క్యారెట్లకి బదులు 1.8 తీసుకోండి. కట్ మాత్రం తగ్గించుకోవద్దు.

ఎందుకంటే రేపు పెళ్లిలో మీ చెయ్యి పట్టుకుని ఉంగరం చూసేవాళ్లు ఎవరూ సర్టిఫికెట్ అడగరు. రాయినే చూస్తారు.