పలుకు నేర్చిన తెర

చాప, చాపము అను రెండు మాటలను ఒకసారి పైకి చదివి చూడుడు. మొదటిది మనము నేలపై పరచుకొనునది. రెండవది జనకుని కొలువులో రాముడు విరిచినది. రెంటికిని మొదటి అక్షరము చకారమే యైనను, అచ్చతెలుగు మాటలో అది దంత్యముగాను, తత్సమమునందు తాలవ్యముగాను పలుకును. వినివిని నేర్చిన భేదము గనుక మనము దానిని తలపోయము. కాని తెరమీది అక్షరమును చెవికి వినిపించు స్క్రీన్ రీడరునకు ఇట్టివి ఒక్కొక్కటే నేర్పవలసియుండును.

తెరపై నున్నది బొత్తామా, లింకా, వ్రాయవలసిన గడియా యని ఆపరేటింగ్ సిస్టమునడిగి తెలిసికొని, దాని పేరు పలికి, వాక్యమును ధ్వనులుగా విడదీసి, ఆ ధ్వనులకు స్వరమిచ్చి వినిపించు ప్రోగ్రామే స్క్రీన్ రీడర్. చూపులేనివారికి మౌసుతో పనిలేదు; కీబోర్డు మీటలతోనే సమస్తము సాగును. ఫోనులోనైన టాక్‌బ్యాక్ అను స్క్రీన్ రీడరు సహాయమున వ్రేలు తాకినచోట నున్నది వినబడును, రెండుమార్లు తట్టిన తెరచుకొనును. అలవాటుపడినవారు పెట్టుకొను వేగము ప్రక్కనున్న మనకు మాటగాక వట్టి గలగలగా తోచును.

2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అను అంధ యువకుడు, ఖరీదైన ప్రోగ్రాములు కొనలేని తనవంటివారి కొరకు ఎన్‌వీడీఏ అను స్క్రీన్ రీడరును వ్రాయ మొదలిడెను. జేమ్స్ టే అను అంధ మిత్రుడతనితో చేరెను. అది నేటికిని ఉచితమే. దానితో వచ్చు ఈస్పీక్ గొంతు తెలుగును సైతము పలుకును. మనిషి గొంతు నుండి గ్రహించినది కాక లెక్కలతో పుట్టించిన స్వరమగుటచే కొంత కరకుగా నుండును. ఇంటర్నెట్టు లేకున్నను పలుకుట దాని సుగుణము.

మన లిపి చాలవరకు వ్రాసినట్లే పలుకునది అగుట ఈ పనికి గొప్ప మేలు. అయినను సున్న యొక్కటే అంకెలో ఒక తీరు, అంచులో ఒక తీరు, అంబలిలో మరియొక తీరు.

ఇంతటి నేర్పును ఒక్క పొరపాటు వ్యర్థము చేయుచున్నది. అక్షరములకు సంఖ్యలనిచ్చు యూనికోడు పద్ధతిలో 'క' అను అక్షరమునకు ప్రపంచమంతటను సంఖ్య యొక్కటే, 3093. పాత డీటీపీ పద్ధతిలోనైన ఇంగ్లీషు అక్షరముల సంఖ్యలకే తెలుగు రూపములను తొడిగిరి. కంటికి చక్కని తెలుగు, చెవికి అర్థములేని ఇంగ్లీషు. కాగితమును ఫోటో తీసి పంపినచో అదియును లేదు, మౌనమే. బొమ్మనుండి అక్షరములనేరు విద్య కలదు గాని, మన వత్తులయొద్ద అది తరచుగా తడబడును.

ఈ పొరపాటు వలని కష్టము తెలియుటకు 2016 అక్టోబరు 11న వరంగల్లునుండి విడివడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలను తలచుకొందము. పోతన బమ్మెరయు, సోమన పాలకుర్తియు జనగామలోనివే. ఆ ఊళ్ళలో చూపులేని విద్యార్థి భాగవతమును తనంత తాను వినవలెనన్న, అది యూనికోడు అక్షరములలో దొరకవలెను. మానుకోట యనబడు మహబూబాబాద్ తండాలలోని లంబాడీ బాలుని తల్లిభాషకు స్వంత లిపియే లేదు. అతడు బడిలో నేర్చిన తెలుగులోనే ఫోనును వినవలెను, కనుక వాని కష్టము రెట్టింపు. సింగరేణి గనులున్న భూపాలపల్లిలో ఉద్యోగ ప్రకటన వాట్సాప్‌లో బొమ్మగా తిరిగినచో, కన్నులున్నవాడు గడువు తేదీ చూచుకొనును, లేనివాడు ఎవరినో బతిమాలుకొనును.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, సమాచారము అందరికిని అందునట్లుండవలెనని 42వ సెక్షనులో విధించినది. అంధుల పుస్తకముల కొరకైన మర్రకేష్ ఒడంబడికను 2014లో ప్రపంచమున మొట్టమొదట ధ్రువీకరించినది మన దేశమే. చట్టము కొరత లేదు, ఆచరణయే కొరత.

కావున ఈ మూడు జిల్లాలలో డీటీపీ దుకాణము నడుపు సోదరులకును, మండల కార్యాలయములలో టైపు చేయు ఉద్యోగులకును, పిల్లలకు నోట్సు పంపు ఉపాధ్యాయులకును నా విన్నపమొక్కటే: రేపు మీరు చేయబోవు పత్రమును యూనికోడులో టైపు చేయుడు, ఫోటోతోపాటు ఆ అక్షరములను కూడ పంపుడు.