తూటా కాదు కదా అని ఊరుకుందామా?

బాష్పవాయువు, రబ్బరు తూటా, పెల్లెట్, మిరప ఘాటు. జనాన్ని చెదరగొట్టడానికి ‘ప్రాణం తీయని’ ఆయుధాలు చాలానే వచ్చాయి. వాటిని ఎవరు, ఎంత దూరం నుంచి, ఎవరి మీద వాడారో లెక్క చెప్పేవారే లేరు. ఆ లెక్క అడగాల్సిన నేలల్లో జనగామ, మానుకోట (మహబూబాబాద్), భూపాలపల్లి ముందుంటాయి.

2010 మే 28. ఓదార్పు యాత్రకు రైల్లో బయల్దేరిన అప్పటి కడప ఎంపీ వై.ఎస్. జగన్‌ను పోలీసులు దారిలోనే, వంగపల్లి దగ్గర అదుపులోకి తీసుకున్నారు. ఆయన రావొద్దంటూ తెలంగాణవాదులు మహబూబాబాద్ రైల్వే స్టేషన్‌ను ముట్టడించారు. పట్టాల మధ్య కంకర రాళ్లు చేతుల్లోకొచ్చాయి. అటు నుంచి తుపాకులు పేలాయి. పలువురు తూటా దెబ్బలతో ఆస్పత్రి పాలయ్యారు. ‘మానుకోట రాళ్లు’ అన్న మాట ఉద్యమ చరిత్రలో నిలిచిపోయింది.

ఈ ప్రాంతానికి తూటా కొత్త కాదు. 1946 జూలై 4న, నేటి జనగామ జిల్లా కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఊరేగింపు మీద కాల్పులు జరిపితే దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. 2007 జూలై 28న పక్కనే ఖమ్మం జిల్లా ముదిగొండలో, భూమి అడిగిన పేదల మీద పోలీసులు కాల్చితే ఏడుగురు చనిపోయారు. 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో అగ్నిపథ్ నిరసన మీద జరిగిన కాల్పుల్లో ఉమ్మడి వరంగల్ జిల్లా యువకుడొకరు ప్రాణాలొదిలాడు.

ఇన్ని చావులు చూసినవారెవరికైనా, లాఠీకీ తుపాకీకీ మధ్య ఇంకేదో ఉండాలనిపిస్తుంది. అది న్యాయమైన కోరికే. తల మీద రాయి పడే కానిస్టేబులూ ఏదో ఊరి బిడ్డే. కానీ మధ్యలో ఏదో ఒకటి ఉన్నంత మాత్రాన తుపాకీ ఆగిపోదు. 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కరెంటు చార్జీలపై ఉద్యమించినవారి మీద నీళ్ల ఫిరంగులు, లాఠీలు, బాష్పవాయువు అన్నీ వాడారు. చివరికి తుపాకులూ పేలాయి. ముగ్గురు బలయ్యారు.

దూరం తప్పితే ప్రాణమే

బాష్పవాయువు అంటాం గానీ, షెల్‌లో ఉండే సీఎస్ నిజానికి సన్నని పొడి. కాలి పొగలా లేచి కంటికి, గొంతుకు, ఊపిరికి పట్టుకుంటుంది. గాలి ఆడే మైదానంలో ఆరోగ్యవంతుడు కాసేపట్లో తేరుకుంటాడు. ఆస్తమా ఉన్నవారు, పసిపిల్లలు, గర్భిణులు, పరుగెత్తలేని ముసలివారు అంత తేలిగ్గా తేరుకోలేరు. భూపాలపల్లిలో ఏళ్ల తరబడి సింగరేణి బొగ్గు దుమ్ము పీల్చిన కార్మికుడి ఊపిరితిత్తులకు ఆ పొగ ఒక లెక్క, పోలీసు శిక్షణ మైదానంలో కుర్రాడికి ఇంకో లెక్క. షెల్‌ను పైకి వంచి కాల్చాలి. సూటిగా కాలిస్తే అదే తలను చీల్చే లోహపు ముద్ద. 2019లో బాగ్దాద్ నిరసనల్లో యువకులు అలాగే చనిపోయారు.

రబ్బరు తూటాలను బ్రిటిష్ సైన్యం 1970లో ఉత్తర ఐర్లాండ్‌లో దించింది. నేలకు కొట్టి కాళ్లకు తగిలేలా కాల్చాలన్నది నియమం. ఆచరణలో అవి ముఖాలకు, ఛాతీలకు తగిలాయి. రబ్బరు, ప్లాస్టిక్ తూటాలకు అక్కడ 17 మంది చనిపోతే, వారిలో దాదాపు సగం మంది పిల్లలే. ఇలాంటి తూటాలపై వివిధ దేశాల వైద్య నివేదికలన్నీ గుదిగుచ్చిన ఒక సమీక్ష 2017లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చింది. గాయపడిన 1,984 మందిలో 53 మంది చనిపోయారు, 300 మందికి శాశ్వత వైకల్యం మిగిలింది.

పెల్లెట్ తుపాకీ సంగతి ఇంకా దారుణం. ఒక్క తూటాలోంచి వందలాది సీసపు గుళ్లు చెదిరిపోతాయి. రాయి విసిరినవాడికే తగలాలని కాల్చేవాడు అనుకున్నా కుదరదు, కిటికీలోంచి చూస్తున్న పిల్ల కంట్లోనూ దిగుతాయి. 2016లో కశ్మీర్‌లో వందలాది మంది కళ్లు దెబ్బతిన్నాయి.

మిరప తోట నుంచి షెల్ దాకా

ఆ కళ్లు చూశాకే, పెల్లెట్లకు బదులు ‘పావా’ షెల్స్ వాడొచ్చని కేంద్ర హోంశాఖ నియమించిన కమిటీ అదే ఏడాది సూచించింది. పావా అంటే మిరపకాయ ఘాటుకు మూలమైన రసాయనాల కుటుంబంలోదే. మన మిర్చి కూలీలకు ఆ కుటుంబంతో పరిచయం కొత్తేమీ కాదు. మానుకోట చుట్టుపక్కల తోటల్లో కాయలు ఏరే ఆడవాళ్ల వేళ్లు సాయంత్రానికి మండిపోతాయి. వేడినీళ్లు తగిలితే ఆ మంట రెట్టింపవుతుంది. పొద్దుగూకి ఇంటికొచ్చాక చంటిబిడ్డను ఎత్తుకోవడానికి చేతులు వెనక్కి తీసుకునే తల్లులున్నారు. అది ఎండు కాయ తొడిమె పట్టుకున్నందుకే. అదే ఘాటును పొగచేసి ముఖాన కొడితే ‘హాని లేనిది’ అని ఎలా అంటాం?

దాని రుచి దేశాన్ని ఏలేవారూ ఒకసారి చూశారు. 2014 ఫిబ్రవరి 13న తెలంగాణ బిల్లు లోక్‌సభ ముందుకొచ్చినప్పుడు అప్పటి ఎంపీ లగడపాటి రాజగోపాల్ పెప్పర్ స్ప్రే చల్లారు. సభ్యులు దగ్గుతూ, కళ్లు మూసుకుని బయటికి పరుగులు తీశారు. కొందరిని ఆస్పత్రికి తరలించారు. దేశమంతా దాన్ని దాడి అనే ఖండించింది. ఎంపీ కంట్లో పడితే దాడి అయినది, ధర్నాలో కూర్చున్న రైతు కంట్లో పడితే శాంతిభద్రతల చర్య ఎలా అవుతుంది? ఏదైనా తేడా ఉంటే అది చట్టం పెట్టిన హద్దుల్లోనే ఉండాలి. ఆ హద్దులు దాటితే రెండూ ఒకటే.

కోటి మందికి తాళ్లు చాలాయి

2018లో మేడారం జాతర జరిగినప్పుడు ఆ ఊరు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనే ఉంది. నాలుగు రోజుల్లో కోటి మంది వచ్చారని అధికారుల అంచనా. చిలకలగుట్ట నుంచి సమ్మక్క దిగివచ్చే వేళ జిల్లా ఎస్పీ గాల్లోకి తుపాకీ పేల్చడం ఆనవాయితీ. ఆ చప్పుడు తల్లికి స్వాగతం. అంత జనంలో వనదేవతకు దారి ఇచ్చేది తాళ్లు పట్టుకున్న పోలీసుల వలయం, క్యూలైన్లు, ఆగకుండా మోగే మైకులు. భక్తులు వేరు, నిరసనకారులు వేరు, నిజమే. కానీ జనం ఎటు కదులుతారో ముందే ఆలోచించి దారి తెరిచిపెట్టే విద్య మన పోలీసులకు బాగా తెలుసు.

దారి మూసి పొగ వదిలితే ఏమవుతుందో ఇండోనేషియా చూపించింది. 2022 అక్టోబరు 1న కంజురుహాన్ స్టేడియంలో ఫుట్‌బాల్ అభిమానుల మీద బాష్పవాయువు ప్రయోగించారు. జనం ఇరుకు గేట్ల వైపు ఎగబడ్డారు. తొక్కిసలాటలో 135 మంది చనిపోయారు.

అడగాల్సిన లెక్క

యుద్ధంలో శత్రు సైనికుడి మీద బాష్పవాయువు వాడకూడదని 1993 నాటి రసాయన ఆయుధాల ఒప్పందం చెబుతోంది. సొంత దేశంలో అల్లర్లు అణచడానికి మాత్రం అదే ఒప్పందం అనుమతిస్తోంది. యుద్ధంలో దాన్ని విషవాయువుగా పొరబడి అవతలివాడూ విషం వదులుతాడన్న భయం ఆ నిషేధానికి ఒక కారణం. కారణం ఏదైనా, సైనికుడికి దొరికిన రక్షణ పౌరుడికి దొరకలేదు కాబట్టి, పౌరుడి విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువుండాలి.

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 148వ సెక్షన్ ప్రకారం ముందు చెదిరిపొమ్మని ఆదేశించాలి, వినకపోతేనే బలప్రయోగం. 2011లో ఢిల్లీ రాంలీలా మైదానంలో అర్ధరాత్రి నిద్రలో ఉన్న జనం మీద జరిగిన పోలీసు చర్యను సుప్రీంకోర్టు మరుసటి ఏడాది తప్పుపట్టింది.

అందుకే మన జిల్లాల్లోనైనా కొన్ని పనులు జరిగి తీరాలి. హెచ్చరిక మైకులో తెలుగుతో పాటు లంబాడీ, కోయ భాషల్లోనూ వినిపించాలి. తండా నుంచి వచ్చిన అవ్వకు అర్థంకాని హెచ్చరిక హెచ్చరికే కాదు. బయటికెళ్లే దారి తెరిచి ఉందని చూసుకున్నాకే షెల్ వదలాలి. నీళ్లు, 108 వాహనం దగ్గరుండాలి. చెదిరిపోయే పెల్లెట్లను జనం మీద అసలు వాడకూడదు.

అన్నిటికంటే ముఖ్యం లెక్క. తూటాకు మనిషి చనిపోతే విచారణ వేయమని ఊరూవాడా అడుగుతాయి. బాష్పవాయువు షెల్‌కు ఒక కన్ను పోతే, ఊపిరాడక ఒకరు మంచం పడితే, ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఆ అడగకపోవడం వల్లే ఈ ఆయుధాలు చేతికి తేలికవుతున్నాయి, తుపాకీ తీయడానికి వెనకాడే చోట కూడా ఇవి పేలుతున్నాయి. ఎవరు ఆదేశించారు, ఎన్ని షెల్స్, ఎంత దూరం నుంచి, ఎంతమందికి గాయాలు అన్నది ప్రతి ఘటన తర్వాతా కలెక్టర్ ప్రజల ముందు పెట్టాలి. ప్రాణం తీయని ఆయుధమని చెప్పి వాడినవారు, అది తీయలేదని రుజువు చూపే బాధ్యతనూ మోయాలి.