బెంగుళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు యెంత దూరం?

కొడుకునో కూతురినో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతానికి పంపుకున్న తెలుగు కుటుంబాలు మన బెంగుళూరులో చాలా వున్నవి. ప్రయాణం యెంతసేపని అడిగితే మాత్రం ఒకరు పదిహేడు గంటలంటారు, మరొకరు రెండు రోజులంటారు. చిత్రమేమంటే ఇద్దరి మాటా నిజమే.

రెండు నగరాల మధ్య దగ్గర దారి సుమారు 14,000 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలతలో మూడోవంతుకు పైమాటే. గోడమీది పటం చూసి యీ దారి తెలుసుకోలేము. పిల్లల గ్లోబు తీసుకొని రెండు ఊళ్ళకూ దారం బిగించి పట్టండి. అది చైనా, సైబీరియాల మీదుగా ఉత్తరానికి యెక్కి, అలాస్కా మీదుగా దిగుతుంది. అయితే విమానం దారం వెంటే పోదు. నడుమ టిబెట్టు పీఠభూమి వున్నది. విమానం లోపల గాలి ఒత్తిడి పడిపోతే వెంటనే పదివేల అడుగులకు దిగాలి. అక్కడ నేలే అంతకంటె యెత్తు! పైగా ఆకాశంలో పడమటినుంచి తూర్పుకు వీచే పెనుగాలులున్నవి. అవి వెనుకనుంచి తోస్తే గంటలు కలిసివస్తాయి, యెదురైతే ఇంధనం హరిస్తాయి. అందుచేత దారి కొంత చుట్టు అయినా నష్టం లేదు.

1948 జూన్ 8న బొంబాయినుంచి లండనుకు బయలుదేరిన ఎయిర్ ఇండియా తొలి విమానం కైరోలోనూ జెనీవాలోనూ ఆగి వెళ్ళింది. 2021 జనవరి 9 రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో లేచిన ఆ సంస్థ విమానమే ఉత్తరధ్రువం మీదుగా, యెక్కడా ఆగకుండా సుమారు 17 గంటలలో బెంగుళూరు చేరింది. కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వాన నడిపినవారందరూ స్త్రీలే. దిగేసరికి ఇక్కడ 11వ తేదీ తెల్లవారుజాము. పదో తేదీ యేమైనట్టు? గడియారాల తేడాలో కలిసిపోయింది. రెండు రోజులన్నవారి లెక్క ఇదే.

ఆగని విమానం దొరికితే అదే మేలని పిల్లలు పట్టుబడతారు. ఇంగ్లీషు రాని అమ్మకు మధ్యలో విమానం మారే బాధ లేదు గనుక అదీ సబబే. కాని మోకాళ్ళ నొప్పులున్న పెద్దలకు, నా మట్టుకు, నడుమ ఒక మజిలీ వుండటమే నయమనిపిస్తుంది, మొత్తం ఇరవై గంటలు దాటినా సరే. కదలకుండా కూర్చుంటే కాళ్ళలో నెత్తురు గడ్డకట్టే ప్రమాదమున్నది. గంటకో రెండు గంటలకో లేచి నడవాలి, నీళ్ళు తాగాలి. చక్కెరజబ్బు మందులు చేతిసంచీలోనే వుంచుకొని, యే గడియారం ప్రకారం వేసుకోవాలో వైద్యుణ్ణి ముందే అడగాలి.

చెప్పడానికి నోరు రాని సంగతి మరొకటి వున్నది. ఇక్కడ పెద్దవారికి ప్రాణంమీదికి వస్తే, కబురందిన పూటే టిక్కెట్టు దొరికినా, అక్కడి గడప దాటి ఇక్కడి గడప తొక్కేసరికి ఒకటిన్నర రోజు పట్టవచ్చు. కొడుకు కోసం ఆగాలా, వద్దా అని ఆ ఘడియలో బంధువులు వాదించుకోవడం కంటె, పెద్దవారే ఆరోగ్యంగా వున్నప్పుడు తమ మాట చెప్పి వుంచడం మంచిది. ఫోనులో చెప్పాలనుకుంటే, చలికాలంలో మనకు ఆదివారం ఉదయం 8 గంటలైనప్పుడు వారికి శనివారం సాయంకాలం ఆరున్నర.