గేటు దగ్గరే అలిసిపోయే సర్వరు

పత్తి అమ్ముకోవాలన్నా ఇప్పుడు ముందు ఫోను తెరవాలి. 2025 సీజనుకు కాటన్ కార్పొరేషన్ ‘కపాస్ కిసాన్’ యాప్ తెచ్చింది. ఆధార్‌తో పేరు నమోదు చేసుకుని, జిన్నింగ్ మిల్లుకు సరుకు ఏ రోజు తోలాలో స్లాట్ తీసుకోవాలి. ఆ సీజనుకు పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ప్రత్తిపాడు రైతయినా, పర్చూరు రైతయినా ఆ ధర అందుకోవాలంటే లాగిన్ దాటాల్సిందే. అంతకుముందు పంట వివరాలు రాసే ఈ-పంట నమోదులో గుర్తింపు నిర్ధారణ (ఈ-కేవైసీ) కోసం వేలిముద్ర కూడా వేయాలి. మిర్చి వేసినవాళ్లకూ ఆ నమోదు తప్పదు.

అక్కడే ‘సర్వర్ డౌన్’ అన్న మాట వినిపిస్తుంది.

చాలాసార్లు దానికి కారణం జనం ఒక్కసారిగా మీదపడటమే. 2021 ఏప్రిల్ 28 సాయంత్రం 4 గంటలకు 18 ఏళ్లు దాటినవారికి కొవిడ్ టీకా నమోదు మొదలైన వెంటనే కోవిన్ సైటు మొరాయించింది. ఎందరికో ఓటీపీలే రాలేదు. అది దాడి కాదు, రద్దీ. అయితే రద్దీ అనేదే లేకుండా, ఒక్క మనిషి ఒక్క కంప్యూటరు ముందు కూర్చుని సర్వరును నిలబెట్టేయగల లోపాలు కొన్ని ఉన్నాయి. వీటిని సాంకేతిక నిపుణులు ‘డినయల్ ఆఫ్ సర్వీస్’ లోపాలంటారు. దొంగ లోపలికి రాడు, ఏమీ ఎత్తుకుపోడు. హక్కున్నవాళ్లకు పని జరగకుండా చేస్తాడు, అంతే.

లాగిన్ దగ్గరే ఇది ఎక్కువ ప్రమాదం. వచ్చినవాడెవడో తెలియకముందే అక్కడ సర్వరు కష్టపడాలి. సీజనులో గుంటూరు మిర్చి యార్డు గేటు దగ్గర టిక్కీల లారీలు బారులు తీరి ఉన్నాయనుకోండి. సరుకే లేని ఒకడొచ్చి వెయ్యి పేజీల కాగితాల కట్ట ఇచ్చి, ఇది చదివితేగాని నా పేరు తెలియదన్నాడు. గుమస్తా నియమం ప్రకారం మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. వెనకున్న లారీలన్నీ ఆగిపోతాయి.

2013 సెప్టెంబరులో జాంగో అనే ప్రసిద్ధ వెబ్ సాఫ్ట్‌వేర్‌లో బయటపడింది అచ్చం ఇలాంటి లోపమే. జాగ్రత్తగా కట్టిన సైటు ఏదీ పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచదు. దాన్ని గణితంతో వేలసార్లు నలగ్గొట్టి, చివరికి మిగిలిన ముద్రనే దాస్తుంది. ఫైలు దొంగల చేతికి చిక్కినా అసలు పాస్‌వర్డులు తేలిగ్గా తేలకూడదని ఈ పనిని కావాలనే నెమ్మదిగా చేయిస్తారు. పది పన్నెండు అక్షరాల పాస్‌వర్డుకు ఆ ఆలస్యం మనిషికి తెలియదు. కానీ జాంగో పాస్‌వర్డు పొడవుకు హద్దు పెట్టలేదు. పైగా ప్రతి విడతలోనూ మొత్తం పాస్‌వర్డును మళ్లీ మొదటి నుంచి నమిలేది. ఒక మెగాబైటు పొడవున్న చెత్తను పాస్‌వర్డు గడిలో పెట్టి పంపితే, అది తప్పని తేల్చడానికే సర్వరుకు దాదాపు నిమిషం పట్టేది. అలాంటివి కొన్ని వరుసగా పంపితే మిగతావాళ్లకు లాగిన్ దొరకదు. భద్రత కోసం పెట్టిన పనే పడగొట్టే ఆయుధమైంది!

మొదట 4,096 బైట్లు దాటిన పాస్‌వర్డును తీసుకోకుండా హద్దు పెట్టారు. అక్టోబరులో ఆ హద్దు తీసేసి అసలు లెక్కనే సరిచేశారు. పొడుగు పాస్‌వర్డును ముందే ఒకసారి కుదిస్తే, ప్రతి విడతా మొత్తం నమలాల్సిన పని ఉండదు.

ఇంత చిన్న పాఠం లోకానికి అంత తొందరగా ఎక్కలేదు. 2014 నవంబరులో వర్డ్‌ప్రెస్, డ్రూపల్ ఇదే తరహా లోపాన్ని సరిదిద్దుకున్నాయి. 2016లో ఓపెన్ఎస్‌ఎస్‌హెచ్ వంతు వచ్చింది. ప్రపంచంలోని సర్వర్లలో అధిక భాగాన్ని నడిపేవాళ్లు లోపలికి వెళ్లేది ఆ తలుపు నుంచే.

ప్రోగ్రాములకు నేల లాంటి రన్‌టైమ్‌లోనే లోపముంటే నష్టం ఇంకా విస్తారం. 2011 డిసెంబరు చివర బెర్లిన్ సమావేశంలో అలెగ్జాండర్ క్లింక్, జూలియన్ వెల్డె అనే పరిశోధకులు ఒక లోపాన్ని చూపించారు. వెబ్ ఫారాలు పంపే వివరాలను ప్రోగ్రామింగ్ భాషలు లోపల సర్దుకునే పద్ధతిలో ఉందది. లాగిన్ పేజీ కూడా ఒక ఫారమే. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం, సుమారు 100 కిలోబైట్ల ఒక్క అభ్యర్థన డాట్‌నెట్ సర్వరులో ఒక ప్రాసెసర్ కోరును 90 నుంచి 110 సెకన్లు పూర్తిగా పట్టేసుకునేది. పీహెచ్‌పీ, జావా, పైథాన్, రూబీలకూ ఈ జబ్బు ఉంది. కొత్త సంవత్సరం సెలవుల మధ్యే, డిసెంబరు 29న మైక్రోసాఫ్ట్ మామూలు గడువు కోసం ఆగకుండా సవరణ విడుదల చేసింది. విచారకరమైన సంగతేమిటంటే, 2003లోనే స్కాట్ క్రాస్బీ, డాన్ వాలక్ ఈ ప్రమాదాన్ని రాసిపెట్టారు. అప్పుడు పెర్ల్ భాష జాగ్రత్తపడింది. మిగతావాళ్లలో చాలామంది ఎనిమిదేళ్లు పట్టించుకోలేదు.

ఇలాంటి దాడులను ఆపడానికి, మూడుసార్లు తప్పు పాస్‌వర్డు కొడితే ఖాతా మూసేస్తే సరిపోదా అనిపించవచ్చు. అప్పుడు ఒక రైతు ఫోను నంబరు తెలిసిన ఎవడైనా మూడు తప్పులు కొట్టి అతని ఖాతా మూయించగలడు. ఒకే ఇంటర్నెట్ చిరునామా నుంచి వచ్చే అభ్యర్థనలకు హద్దు పెడదామంటే, రైతు సేవా కేంద్రంలో ఊరంతా వాడేది ఒకే కనెక్షను. ఒకరి వల్ల ఊరంతా ఆగుతుంది. నగరంలో కూర్చుని రాసే నియమానికి పల్లె సంగతి తెలియాలి.

ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద ఇలాంటి దాడికి మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా ఉన్నాయి. దాడి జరిగినట్టు తెలిసిన ఆరు గంటల్లో కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఆదేశాలు చెబుతున్నాయి. కానీ శిక్ష పడేలోపు సీజను అయిపోతుంది. అందుకే రైతు కోసం యాప్ కట్టించే శాఖలు టెండరులోనే కొన్ని షరతులు రాయాలి: లాగిన్ గడిలోకి వచ్చేదానికి పొడవు హద్దు ఉండాలి, భద్రతా సవరణ వచ్చిన ఎన్ని రోజుల్లో వేస్తారో చెప్పాలి, సర్వరు ఆగిన రోజు కాగితం మీదైనా నమోదు జరగాలి.

రైతు సోదరులకు ఒక విన్నపం. గడువు చివరి రోజు దాకా ఆగకండి. స్లాట్ దొరకకపోతే తెర మీది సందేశాన్ని తేదీ, సమయం కనిపించేలా ఫొటో తీసి, ఫిర్యాదును కేంద్రంలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు అడగండి.