ఆన్‌లైన్ క్రీడా పందేల చట్టాలు

క్రికెట్, ఫుట్‌బాల్, గుర్రపు పందేల వంటి పోటీల ఫలితాలపై అంతర్జాలం ద్వారా డబ్బు పందెం కాసే వ్యాపారాన్ని అనుమతించడానికి గాని, అదుపు చేయడానికి గాని, నిషేధించడానికి గాని వివిధ ప్రభుత్వాలు చేసిన చట్టాలను ఆన్‌లైన్ క్రీడా పందేల చట్టాలు అంటారు. ఒకే పని ఒక దేశంలో పన్ను కట్టి చేసుకొనే వ్యాపారంగాను, మరొక దేశంలో జైలుశిక్షకు తగిన నేరంగాను ఉన్నది. భారతదేశంలో 2025 వరకు ఇటువంటి తేడా పక్కపక్క రాష్ట్రాల మధ్య కూడా ఉండేది. తమిళనాడు సరిహద్దుకు సమీపంలో ఉన్న పుత్తూరు ప్రాంతం ఇందుకు చక్కని ఉదాహరణ.

పూర్వరంగం

జూదాన్ని ప్రభుత్వం తన అదుపులో నడిపించడం కొత్త ఆలోచన కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ద్యూతాధ్యక్షుడు అనే అధికారి ప్రస్తావన ఉన్నది. జూదం ఒకేచోట జరిగేటట్లు చూడడం, పాచికలు తానే సమకూర్చి అద్దె తీసుకోవడం, గెలిచినవాని సొమ్ములో నూటికి అయిదు వంతులు రాజుకు రాబట్టడం అతని విధులు. నేటి లైసెన్సు విధానంలోని ముఖ్యాంశాలన్నీ, అనగా అనుమతి, పరికరాల తనిఖీ, పన్ను, అందులో కనిపిస్తాయి.

బ్రిటిషు ప్రభుత్వం మాత్రం నిషేధం వైపు మొగ్గింది. 1867 నాటి పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టం జూదగృహం నడపడాన్ని, అందులో కూర్చుని ఆడడాన్ని నేరాలుగా చేసింది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు. గెలిచిన పందెం సొమ్ము ఇప్పించమని కోర్టులో దావా వేయడానికి వీలులేదు. రాజ్యాంగం వచ్చిన తరువాత "పందేలు, జూదం" అనే అంశం ఏడవ షెడ్యూలులోని రాష్ట్రాల జాబితాలో 34వ అంశంగా చేరింది. అందుచేత చాలా రాష్ట్రాలు తమ చట్టాలు తాము చేసుకొన్నాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టం అటువంటిదే.

నైపుణ్యమా, అదృష్టమా?

ఈ చట్టాలలో చాలావాటిలో ఒక మినహాయింపు ఉండేది. నైపుణ్యంతో ఆడే ఆటలు జూదం కిందికి రావు. మరి ఏది నైపుణ్యం, ఏది అదృష్టం? దీనిపై దేశమంతటా నేటికీ ఉదహరించే తీర్పు ఒక తెలుగునాటి కేసులోనిదే. సికిందరాబాదులోని ఒక క్లబ్బులో డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవారిపై పోలీసులు పెట్టిన కేసు అది. హైకోర్టు వారిని విడిచిపెట్టగా రాష్ట్ర ప్రభుత్వం అప్పీలు చేసింది. 1967 నవంబరులో సుప్రీం కోర్టు ఆ అప్పీలును కొట్టివేసింది. మూడు ముక్కలాట కేవలం అదృష్టమనీ, రమ్మీలో పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి, ఏది పట్టాలో ఏది వదలాలో తెలియాలి కనుక అందులో నైపుణ్యానిదే పైచేయి అనీ న్యాయస్థానం అభిప్రాయపడింది.

ఇదే తీర్పులో మరొక మాట కూడా ఉన్నది. పందెం పెట్టి ఆడించి క్లబ్బు యజమాని లాభం తీసుకొంటున్నట్లు రుజువైతే అప్పుడు నేరం అవుతుందని. తరువాతి కాలంలో ప్రతి ఆటనుండి కొంత శాతం మినహాయించుకొనే రమ్మీ యాప్‌ల సంస్థలు తీర్పులోని మొదటి భాగాన్ని విరివిగా ఉదహరించాయి, రెండవ భాగాన్ని అంతగా పట్టించుకోలేదు.

1996లో సుప్రీం కోర్టు గుర్రపు పందేలను కూడా నైపుణ్యపు ఆటగా గుర్తించింది. 2017లో పంజాబు, హర్యానా హైకోర్టు ఫాంటసీ క్రికెట్‌ను, అనగా ఆటగాళ్ళతో ఊహాజట్టును కూర్చి పోటీపడే ఆటను, అదే కోవలో చేర్చింది. కాని మ్యాచిలో ఎవరు గెలుస్తారు, తరువాతి ఓవరులో ఎన్ని పరుగులు వస్తాయి అని కాసే మామూలు క్రికెట్ బెట్టింగుకు ఈ రక్షణ ఏనాడూ లభించలేదు.

తెలుగు రాష్ట్రాలలో నిషేధం

తెలంగాణ ప్రభుత్వం 2017లో ఆర్డినెన్సుల ద్వారా తన చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నైపుణ్యంతో నిమిత్తం లేకుండా నిషేధించింది. ఆంధ్ర ప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చి, ఆ ఏడాది డిసెంబరులో శాసనసభలో సవరణ బిల్లును ఆమోదించింది. నిర్వాహకులకు మొదటిసారి ఏడాది వరకు, రెండవసారి రెండేళ్ళ వరకు జైలు. ఆడినవారికి ఆరునెలల వరకు జైలు. అక్టోబరులో ముఖ్యమంత్రి 132 వెబ్‌సైట్లను, యాప్‌లను నిలిపివేయించవలసిందిగా కేంద్ర ప్రభుత్వానికి లేఖ వ్రాశారు. చట్టం చేసిన రాష్ట్రం చేతిలో ఆ మీట లేకపోవడమే అసలు చిక్కు. వెబ్‌సైట్లను ఆపివేసే అధికారం సమాచార సాంకేతిక చట్టం కింద కేంద్రానిది.

పుత్తూరు, తిరుత్తణి

1960 ఏప్రిల్ 1న ఆంధ్ర ప్రదేశ్, మద్రాసు రాష్ట్రాల సరిహద్దులు మారి, అంతవరకు చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. పుత్తూరు ఆంధ్ర ప్రదేశ్‌లోనే ఉండిపోయింది (2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరింది). రెండు ఊళ్ళూ రేణిగుంట - అరక్కోణం రైలుమార్గంలో ఉన్నాయి. నగరి దాటిన కొద్దిసేపటికే రాష్ట్రం మారుతుంది.

2020 సెప్టెంబరు చివర ఈ రైలులో ఫోనులో డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్న ప్రయాణికుడు పుత్తూరులో నేరస్థుడు, తిరుత్తణిలో కాడు. ఆ నవంబరులో తమిళనాడు కూడా ఆర్డినెన్సు తేవడంతో రెండుచోట్లా నేరమే అయినది. 2021 ఆగస్టు 3న మద్రాసు హైకోర్టు తమిళనాడు చట్టాన్ని కొట్టివేయగా మళ్ళీ తేడా వచ్చింది. 2023 ఏప్రిల్‌లో తమిళనాడు కొత్త చట్టం తెచ్చింది. అదే ఏడాది నవంబరులో హైకోర్టు ఆ చట్టాన్ని నిలబెడుతూనే రమ్మీ, పోకరు ఆటలను నిషేధపు పట్టికనుండి తప్పించింది. అటుపిమ్మట తమిళనాడు నిషేధం మాని నియంత్రణకు పూనుకొన్నది. అర్ధరాత్రి నుండి తెల్లవారుజామున 5 గంటల వరకు ఆడరాదని, ఆధార్‌తో గుర్తింపు తప్పనిసరి అని చేసిన నిబంధనలను 2025 జూన్‌లో హైకోర్టు సమర్థించింది. అయిదేళ్ళలో ఇన్ని మలుపులు న్యాయవాదులకే గుర్తుండడం కష్టం. ఆడేవాడికి గుర్తుంటాయని అనుకోలేము.

సంస్థలు ఈ సరిహద్దును ఫోనులోని జీపీఎస్ ఆధారంగా పాటించేవి. ఆటగాడు ఆంధ్ర ప్రదేశ్‌లో ఉన్నట్లు తెలిస్తే డబ్బు ఆటలు తెరుచుకొనేవి కావు. కాని ఇది చట్టానికి లోబడి నడిచే సంస్థల సంగతి. విదేశాలనుండి నడిచే బెట్టింగు సైట్లకు ఆ పట్టింపు లేదు. ఒక పేరుతో ఆపితే మరొక పేరుతో వస్తాయి. క్రీడావార్తల సైటు రూపంలో ప్రకటనలు వేసుకొంటాయి.

అమెరికాలోను ఇదే కథ నడిచింది. 1992 నాటి కేంద్ర చట్టం చాలా రాష్ట్రాలలో క్రీడాపందేలను అనుమతించనీయలేదు. న్యూజెర్సీ రాష్ట్రం చేసిన పోరాటం ఫలితంగా 2018 మే 14న అక్కడి సుప్రీం కోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. న్యూజెర్సీ వెంటనే లైసెన్సులు ఇచ్చింది. న్యూయార్కులో ఫోను పందేలు 2022 జనవరిలో గాని మొదలుకాలేదు. ఆ మధ్యకాలంలో న్యూయార్కువాసులు జార్జి వాషింగ్టన్ వంతెన దాటి వెళ్ళి, ఫోనులో పందెం కాసి తిరిగివచ్చేవారు. తెలుగువారు అధికంగా ఉన్న రాష్ట్రాలలో న్యూజెర్సీ అనుమతించగా, టెక్సాస్, కాలిఫోర్నియాలు 2025 చివరి వరకు అనుమతించలేదు.

ఇతర దేశాలు

తొలుత ఆన్‌లైన్ లైసెన్సులు ఇచ్చినవి చిన్న దీవులు. కరేబియన్ దేశమైన ఆంటిగ్వా, బార్బుడా 1994లోనే ఇందుకు చట్టం చేసింది. తమ సంస్థలను అమెరికా అడ్డుకొంటున్నదని 2003లో ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసి చాలావరకు నెగ్గింది. 2007లో ఏడాదికి 2.1 కోట్ల డాలర్ల మేరకు ప్రతిచర్యకు అనుమతి కూడా పొందింది. ఐరోపాలో మాల్టా ఇదే బాట పట్టింది.

ఈ పద్ధతిలోని లోపం, లైసెన్సు ఇచ్చేది ఒక దేశం, డబ్బు పోగొట్టుకొనేది మరొక దేశపు ప్రజలు కావడం. బ్రిటన్ 2005 నాటి గ్యాంబ్లింగ్ చట్టాన్ని 2014లో సవరించి దీనిని సరిదిద్దింది. సంస్థ ఎక్కడ ఉన్నా సరే, పందెం కాసేవాడు బ్రిటన్‌లో ఉంటే బ్రిటన్ కమిషను లైసెన్సు ఉండాలి. 18 ఏళ్ళు నిండినట్లు ముందే నిర్ధారించుకోవాలి. 2020 ఏప్రిల్ నుండి క్రెడిట్ కార్డుతో పందెం కాయరాదు. తనను ఆడనీయవద్దని ఎవరైనా తమ పేరు నమోదు చేసుకొంటే లైసెన్సు పొందిన ఆన్‌లైన్ సంస్థలన్నీ వారిని నిరాకరించాలి. ఆస్ట్రేలియా 2023లో ఇటువంటి జాబితాను, 2024 జూన్‌లో క్రెడిట్ కార్డు నిషేధాన్ని అమలులోకి తెచ్చింది. మ్యాచి నడుస్తుండగా ఆన్‌లైన్‌లో పందెం కాయడం అక్కడ 2001 నుండే నిషిద్ధం. సింగపూరులో ఒకే సంస్థకు అనుమతి ఉన్నది. చైనాలో ప్రభుత్వ లాటరీలు తప్ప మిగిలినవి నిషిద్ధం.

2025 కేంద్ర చట్టం

భారతదేశంలో లైసెన్సు ఆలోచన రాకపోలేదు. 2016లో లోధా కమిటీ క్రికెట్ పందేలను చట్టబద్ధం చేయమన్నది. 2018లో లా కమిషను తన 276వ నివేదికలో నిషేధం అమలు కానప్పుడు నియంత్రణే మార్గమని సూచించింది. సిక్కిం 2008లోనే ఆన్‌లైన్ ఆటల లైసెన్సు చట్టం చేసింది. కేంద్రం 2023లో స్వీయ నియంత్రణ సంస్థల ద్వారా అదుపు చేయాలని నిబంధనలు చేసినా ఆ సంస్థలు ఏర్పడలేదు. ఆ అక్టోబరు నుండి 28 శాతం జీఎస్టీ మాత్రం పడింది.

చివరకు 2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆన్‌లైన్ ఆటల బిల్లును ఆమోదించగా, 22న రాష్ట్రపతి సంతకం చేశారు. డబ్బు పెట్టి ఆడే ఏ ఆన్‌లైన్ ఆటనైనా, నైపుణ్యమో అదృష్టమో అనే తర్కం లేకుండా, ఈ చట్టం నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు చేసేవారికి రెండేళ్ళు, 50 లక్షలు. చెల్లింపులు జరిపే బ్యాంకులు మొదలైనవాటికి మూడేళ్ళు, కోటి రూపాయలు. పెద్ద ఫాంటసీ, రమ్మీ సంస్థలు డబ్బు ఆటలను కొద్దిరోజులలోనే నిలిపివేశాయి. జూదం రాష్ట్రాల అంశం కాదా అనే ప్రశ్నతో వివిధ హైకోర్టులలో పడిన వ్యాజ్యాలను సుప్రీం కోర్టు 2025 సెప్టెంబరులో తనకు బదిలీ చేసుకొన్నది.

పందెం కాసేవాని స్థితి

కేంద్ర చట్టం ఆడేవానిని నేరస్థునిగా కాక బాధితునిగా చూస్తుంది. అతనికి శిక్ష లేదు. ఆంధ్ర ప్రదేశ్ చట్టం మాత్రం అతనికీ జైలుశిక్ష విధించింది.

బ్రిటన్‌లో గెలిచిన సొమ్ము ఇవ్వని సంస్థపై ఫిర్యాదుకు చోటున్నది. లైసెన్సు లేని సైటులో పుత్తూరు కుర్రవాడు పదివేలు గెలిచినట్లు తెరపై కనిపించినా, సైటు ఇవ్వకపోతే చేయగలిగింది తక్కువ. 30వ సెక్షను వలన గెలుపు సొమ్ముకు దావా నిలవదు. మోసంగా మాత్రం సైబరు నేరాల సహాయ సంఖ్య 1930కి ఫిర్యాదు చేయవచ్చు. నష్టపోయిన సొమ్ము తిరిగి పందెంలోనే రాబట్టాలని అప్పులు చేసే కుటుంబాల విషయంలో ఈ తేడా చిన్నది కాదు.

విద్యార్థులకు అంతగా తెలియని చిక్కు మరొకటి ఉన్నది. ఈ సైట్లు సొమ్మును తమ పేరుతో కాక, కమీషను ఆశచూపి తీసుకొన్న ఇతరుల బ్యాంకు ఖాతాల ద్వారా నడుపుతాయి. పందెం ఒక్కటీ కాయకపోయినా, ఖాతాను, దానికి జోడించిన సిమ్ కార్డును అద్దెకు ఇచ్చిన వ్యక్తి దర్యాప్తులో మొదట దొరుకుతాడు. ఆ ఖాతాను బ్యాంకు స్తంభింపజేస్తుంది.