కుక్కల పొడి ఆహారం: ముడిసరకు నాణ్యత చూసే తీరు

కోళ్ళ దాణాకూ, పశువుల దాణాకూ పోయే సరకే చాలావరకు కుక్కల పొడి ఆహారం తయారీకీ పోతున్నది. మొక్కజొన్న, నూకలు, గోధుమ, సోయా చెక్క, తవుడు, చేపల పొడి, కోళ్ళ కబేళాల నుంచి వచ్చే చికెన్ మీల్, ఇవేవీ బజారుకు కొత్తవి కావు. సిద్దిపేట జిల్లాలో మార్స్ కంపెనీ కర్మాగారం నడుస్తున్నది కనుక ఈ గిరాకీ మనకు దూరపుదీ కాదు. అయితే కోళ్ళ దాణా మిల్లుకు తోలిన లోడును చూసే కన్ను వేరు, ఈ కర్మాగారాలవారు చూసే కన్ను వేరు. మాంసానికి పెంచే కోడి ఆరేడు వారాల్లో అమ్ముడుపోతుంది. కుక్క పది పన్నెండేళ్ళు అదే ఆహారం మీద బతుకుతుంది. సరకులోని దోషం కోడిలో బరువు తగ్గటంగా కనపడి ఊరుకోవచ్చు. కుక్కలో అది మూత్రపిండాల జబ్బుగానో, కాలేయపు జబ్బుగానో బయటపడుతుంది. యజమాని వైద్యుని దగ్గరకు పోతాడు, అక్కడి నుంచి కోర్టుకూ పోతాడు. అప్పుడు లెక్క వెనక్కు నడిచి, సరకు తోలినవాని గోదాము దాకా వస్తుంది.

ఈ వ్యాపారంలో ధర నిర్ణయించేది ముఖ్యంగా మాంసకృత్తుల శాతం. అమెరికాలో దాణా నియంత్రణ అధికారుల సంఘమైన ఆఫ్కో లెక్క ప్రకారం, తేమ తీసివేసి చూస్తే పెద్ద కుక్కల ఆహారంలో మాంసకృత్తులు 18 శాతానికీ, పెరిగే పిల్లల ఆహారంలో 22.5 శాతానికీ తగ్గకూడదు. అక్కడ సంచిమీద మాంసకృత్తులు, క్రొవ్వు ఇంతకు తక్కువ కాదనీ, పీచు, తేమ ఇంతకు మించవనీ నాలుగు అంకెలు వేయక తప్పదు. ఈ నాలుగింటిలో మొదటి అంకెను నమ్మి బేరమాడేవారు, అది ఎట్లా వస్తుందో తెలుసుకోవటం అవసరం.

మామూలు పరీక్షలో ప్రయోగశాల మాంసకృత్తులను నేరుగా కొలవదు. సరకులోని నత్రజనిని కొలిచి దానిని 6.25తో హెచ్చవేస్తుంది. మాంసకృత్తులలో నత్రజని సగటున 16 శాతం ఉంటుందన్నది దీనికి ఆధారం. డెన్మార్కుకు చెందిన కెల్డాల్ 1883లో వెల్లడించిన పద్ధతి ఇది. చవకైనది, నమ్మకమైనది. కాని నత్రజని మాంసం నుంచి వచ్చినదా, సోయా నుంచి వచ్చినదా, ఎరువుల బస్తా నుంచి వచ్చినదా అన్నది ఈ పరీక్షకు తెలియదు. యూరియాలో నత్రజని 46 శాతం. 6.25తో హెచ్చవేస్తే 287 వస్తుంది. అంటే క్వింటాలులో ఒక్క కిలో యూరియా చేరితే కాగితంమీద మాంసకృత్తులు దాదాపు 2.9 శాతం పెరిగినట్లు కనపడతాయి. మెలమైన్ అనే రసాయనంలో నత్రజని 66 శాతం దాటుతుంది కనుక దానితో కిలోకు 4 శాతం పైగానే పెరుగుతాయి. ఆవు, గేదె కడుపులోని సూక్ష్మజీవులు యూరియాను మాంసకృత్తులుగా మార్చుకోగలవు. అందుకే పశువుల దాణాలో మితంగా యూరియా వేయటానికి అనుమతి ఉన్నది. కుక్క కడుపుకు ఆ శక్తి లేదు.

ఇది ఊహించి చెప్పే భయం కాదు. 2007 మార్చిలో కెనడాకు చెందిన మెనూ ఫుడ్స్ కంపెనీ 6 కోట్లకు పైగా డబ్బాలు, పొట్లాల పెంపుడు జంతువుల ఆహారాన్ని బజారు నుంచి వెనక్కు తెప్పించవలసి వచ్చింది. మూత్రపిండాలు చెడి కుక్కలు, పిల్లులు చనిపోవటం దీనికి కారణం. మొదట వెనక్కు వచ్చినది ఎక్కువగా తడి ఆహారమే. తరువాత బియ్యపు మాంసకృత్తుల పేరుతో వచ్చిన మరొక సరకు మూలంగా పొడి ఆహారం తయారుచేసేవారు కూడా చిక్కుకున్నారు. రెండు సరకులూ చైనా నుంచి దిగుమతి అయినవే. గోధుమ గ్లూటెన్‌లో మాంసకృత్తులు 75 శాతానికి తగ్గకూడదన్నది వ్యాపారంలో ఉన్న కొలత. గోధుమ పిండిలో ఉండేది 10 నుంచి 13 శాతం మాత్రమే. వచ్చినది గ్లూటెన్ కానే కాదనీ, మెలమైన్, దాని జాతికే చెందిన ఇతర రసాయనాలు కలిపిన గోధుమ పిండి అనీ అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్.డి.ఎ. తేల్చింది. మెలమైన్ ఒక్కటే అయితే ఇంత ప్రాణాంతకం కాకపోవునేమో. దానితోపాటు వచ్చిన సైనూరిక్ ఆమ్లంతో కలిసి మూత్రపిండాలలో స్ఫటికాలుగా గడ్డకట్టింది. పిండి ధరకూ గ్లూటెన్ ధరకూ ఉన్న తేడా ఎంతో వర్తకులకు చెప్పనక్కరలేదు. కాగితంమీది అంకె మాత్రం సరిగ్గానే ఉన్నది.

ఇక్కడ గమనించవలసిన సంగతి మరొకటి ఉన్నది. కల్తీ చేసినవారు చైనాలో ఉంటే, అమెరికా కోర్టుకు ఎక్కినవారిలో మధ్యలో సరకు తెప్పించి అమ్మిన దిగుమతి వ్యాపారులు ఉన్నారు. ఆ సంస్థ, దాని యజమానులు 2009లో నేరం ఒప్పుకున్నారు. 2010లో జరిమానా, ప్రొబేషన్ పడ్డాయి. జంతువుల యజమానులు వేసిన దావాలు 2008లో 2.4 కోట్ల డాలర్లకు పరిష్కారమైనాయి. "మాకు తెలియదు, వచ్చిన సంచి వచ్చినట్లే పంపాము" అన్న మాట దళారికి ఎంతవరకు రక్షణ ఇస్తుందో దీనినిబట్టి గ్రహించవచ్చు.

కాబట్టి మాంసకృత్తుల అంకెతోపాటు యూరియా, మెలమైన్ లేవన్న పరీక్షను విడిగా అడగాలి. పెద్ద సరుకైతే లైసిన్, మెథియోనిన్ వంటి అమైనో ఆమ్లాల లెక్క కూడా అడగటం మంచిది. ఖర్చు ఎక్కువే గాని, ఎరువుతో అంకె పెంచినవాడు లైసిన్ అంకె పెంచలేడు. కల్తీ లేని సరకుకు కూడా ఈ లెక్క పనికివస్తుంది. మొక్కజొన్న గ్లూటెన్ మీల్‌లో మాంసకృత్తులు 60 శాతం ఉంటాయి, కాని లైసిన్ తక్కువ. ఆ 60, సోయాలోని 46 ఒకే తూనికలో తూగేవి కావు.

జంతు సంబంధమైన సరకులో అసలు చిక్కు ఎముక, ఈక. అమెరికా నిర్వచనం ప్రకారం చికెన్ మీల్ అంటే మాంసం, చర్మం, వాటితో వచ్చే ఎముక. తల, కాళ్ళు, పేగులు, ఈకలు ఉండకూడదు. బైప్రొడక్ట్ మీల్‌లో మెడ, కాళ్ళు, పేగులు, గుడ్డుగా మారని సొనలు ఉండవచ్చు. బైప్రొడక్ట్ అనగానే చెత్త అనుకోవటం సరికాదు. లోపలి అవయవాలలో పోషకాలు దండిగానే ఉంటాయి. వచ్చిన చిక్కల్లా, ఈ లోడుకూ వచ్చే లోడుకూ పొంతన లేకపోవటమే. ఇక ఏ జంతువో చెప్పకుండా "మీట్ అండ్ బోన్ మీల్" అని మాత్రమే రాసిన సరకులో నేడు ఒకటి, రేపు ఒకటి రావచ్చు.

ఎముక ఎంత ఉన్నదో బూడిద చెబుతుంది. మీట్ అండ్ బోన్ మీల్‌లో బూడిద 30 శాతం దాకా రావటం మామూలే. అది దోషమని కాదు, ఆహారంలో కాల్షియానికి పైహద్దు ఉన్నది. ఆఫ్కో ప్రకారం తేమ తీసిన లెక్కలో 2.5 శాతం, పెద్ద జాతి కుక్కల పిల్లలకైతే 1.8 శాతం. 10 శాతం కాల్షియం ఉన్న మీల్‌ను ఆహారంలో నాలుగోవంతు వేస్తే అదొక్కటే 2.5 శాతం తెచ్చిపెడుతుంది. అందుచేత బూడిద తక్కువ ఉన్న మీల్‌కు ఎక్కువ ధర ఇవ్వటంలో ఆశ్చర్యం లేదు. ఐరోపాలో బూడిద శాతాన్ని సంచిమీద వేయక తప్పదు. అమెరికాలో ఆ నిర్బంధం లేదు. కొనేవారే అడిగి తెలుసుకోవాలి.

ఈకల కథ మరింత విచిత్రమైనది. పరీక్షలో ఈకల పొడికి మాంసకృత్తులు 80 శాతం దాటి వస్తాయి. పచ్చి ఈకను దంచి పొడిచేస్తే కుక్కకు అరిగేది స్వల్పం. ఆవిరి ఒత్తిడిలో బాగా ఉడికించినదే పనికివస్తుంది. అందులోని మాంసకృత్తులలో 75 శాతమైనా పెప్సిన్ పరీక్షలో అరగాలని అమెరికా నిర్వచనం. చికెన్ మీల్ ధర చెల్లించి ఈకల పొడి తెచ్చుకోకుండా ఉండాలంటే ఈ అరుగుదల పరీక్ష ఒక్కటే దారి. పేరున్న కొనుగోలుదారులు దీనిని ఒప్పందంలోనే రాయిస్తారు.

చేపల పొడిలో ఇసుక, ఉప్పు. తీరంలో చేపలను ఇసుకమీదే ఆరబెట్టే అలవాటు ఉన్నది కనుక కొంత ఇసుక సహజంగా వస్తుంది, కొంత తూకానికి చేరుతుంది. గాజు గ్లాసు నీళ్ళలో గుప్పెడు పొడి వేసి కలిపి కాసేపు ఉంచితే అడుగున ఇసుక తేటగా కనపడుతుంది. బేరానికి ముందు ఇదే చాలు. లెక్క తేల్చటానికి ఆమ్లంలో కరగని బూడిద ఎంతో పరీక్ష చేయించాలి. తవుడులో ఊకపొడి కల్తీని పట్టేదీ ఆ పరీక్షే. ఊకలో ఇసుకజాతి పదార్థం ఎక్కువ, పీచు కూడా ఎక్కువ. నూనె తీయని తవుడు మరబట్టిన కొద్దిరోజులకే ముక్కిపోతుంది. దానిని నిలవచేసి అమ్ముదామనుకోవటం దండగ.

సంచిమీది పదార్థాల వరుసను చూసి మోసపోవటం కూడా కద్దు. తయారీలో వేసినప్పటి బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు పేర్లు రాస్తారు. 30 కిలోల పచ్చి కోడిమాంసం, 20 కిలోల మొక్కజొన్న వేస్తే కోడి పేరే ముందు వస్తుంది. మాంసంలో నీరు దాదాపు 70 శాతం, మొక్కజొన్నలో 12 శాతం. ఆరిన తరువాత మిగిలేది కోడి 9 కిలోలు, మొక్కజొన్న 17 కిలోలకు పైమాట. నీరు ముందే పోయిన చికెన్ మీల్ మూడో పేరుగా ఉన్నా అసలు బలం దానిదే కావచ్చు. అమెరికాలో "చికెన్ డిన్నర్" అంటే కోడి 25 శాతం ఉండాలి, "విత్ చికెన్" అంటే 3 శాతం చాలు. "ప్రీమియం" అన్న మాటకు చట్టంలో అర్థమే లేదు.

గింజల వర్తకులకు ఇంతకంటే దగ్గర ప్రమాదం అఫ్లటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోయినప్పుడు దోషం బ్రెజిల్ వేరుశనగ చెక్కలో దొరికింది. బూజు పుట్టించే ఈ విషానికి అఫ్లటాక్సిన్ అన్న పేరు ఆ తరువాత వచ్చినదే. కుక్క కాలేయం దీనికి త్వరగా లొంగుతుంది. 2005 చివర అమెరికాలో బూజుపట్టిన మొక్కజొన్నతో చేసిన ఆహారం తిని వందకు పైగా కుక్కలు చనిపోయాయి. 2020 డిసెంబరులో మరొక కంపెనీ సరకు వెనక్కు తెప్పించినప్పుడు, 70కి పైగా కుక్కలు చనిపోయినట్లు మరుసటి నెలకల్లా ఎఫ్.డి.ఎ.కు సమాచారం అందింది. అక్కడి హద్దు వంద కోట్ల భాగాలలో 20 భాగాలు. అంటే టన్ను మొక్కజొన్నలో 20 మిల్లీగ్రాములు. కర్మాగారంలో ఆహారాన్ని ఎంత వేడితో ఉడికించినా బూజు చస్తుంది గాని విషం పూర్తిగా పోదు.

కంటికి శుభ్రంగా కనపడే గింజలో విషం ఉండవచ్చు. పైగా అది లోడంతా సమంగా ఉండదు. ఒక మూల నాలుగు బస్తాలలో మెండుగా ఉండి, మిగతా లోడు నిర్దోషంగా ఉండవచ్చు. లారీ వెనుక తలుపు దగ్గరి బస్తాలో గొట్టం పొడిచి తీసిన గుప్పెడు మచ్చుతో వచ్చిన "లేదు" అన్న ఫలితానికి విలువ తక్కువ. పైన, మధ్యన, అడుగున చాలా బస్తాల నుంచి కొద్దికొద్దిగా తీసి, అంతా మరపట్టి, కలిపి, ఆ పిండి నుంచి పరీక్షకు పంపాలి. గింజలుగానే పంచి పంపితే ఫలితం తారుమారవుతుంది. మొక్కజొన్నలో తేమ 14 శాతం దాటితే గోదాములో పేర్చకుండా ఆరబెట్టటమే లాభం. తూకం తగ్గుతుందని సంకోచించేవారు, ఒక లోడు తిరిగివస్తే పడే రెండువైపుల కిరాయితో దానిని పోల్చి చూసుకోవచ్చు.

క్రొవ్వు విషయం కొద్దిమాటల్లో ముగించవచ్చు. కోడి క్రొవ్వును ఉడికిన పలుకులమీద పైపూతగా పోస్తారు. ముక్కిన వాసనను కుక్క మనకంటే ముందే పసిగట్టి గిన్నె వదిలేస్తుంది. పెరాక్సైడు విలువ, విడి కొవ్వు ఆమ్లాల శాతం రెండూ అడగాలి. చేపల పొడిని ఓడలో పంపేవారు, అది దానంతట అది వేడెక్కకుండా నిలవమందు కలపటం అంతర్జాతీయ నియమం. ఇందుకు విరివిగా వాడిన ఎథాక్సీక్విన్‌ను దాణాలో కలపటానికి ఐరోపా 2017లో అనుమతి నిలిపివేసింది. కనుక ఏ మందు కలిపినదీ సరకు చీటీలో రాసి ఉండాలి.

మచ్చులు మూడు తీయటం పాత ఆచారమే. అమ్మినవారికి ఒకటి, కొన్నవారికి ఒకటి, మధ్యవర్తికి ఒకటి. కోళ్ళ దాణాలో అవి నెల తిరగకుండానే పారవేయబడుతున్నాయి. కుక్కల పొడి ఆహారానికి సంచిమీద సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర గడువు ఉంటుంది. ఫిర్యాదు ఆ చివరి నెలలో కూడా రావచ్చు. మూడు మచ్చులనూ లోడు నంబరు, తేదీ, ముగ్గురి సంతకాలతో సీలువేసి, చల్లని పొడిచోట ఆ గడువు తీరేదాకా ఉంచాలి.