కొట్టంలో కారు... తాళంచెవి తిప్పేముందు!

మర్రిపాడు, ఉదయగిరి, ఆత్మకూరు... ఈ మెట్టప్రాంతపు పాత మిద్దెల వెనక కొట్టంలో ఏ అంబాసిడరో, ఫియట్టో టార్పాలిన్ కప్పుకుని పడి ఉండొచ్చు. పైన ఖాళీ బుట్టలు, కింద కోళ్లు. మామగారు పోయాక దాన్ని ఎవరూ బయటికి తీయలేదు. అమ్మేద్దామంటే అత్తగారికి మనసొప్పదు. ఉంచుదామంటే చోటు లేదు. ఇంతలో సెలవులకొచ్చిన కుర్రాళ్లు, "కొత్త బ్యాటరీ పెట్టి ఓసారి స్టార్ట్ చేసి చూద్దాం పిన్నీ" అంటారు.

వద్దనండి! ఇరవై, ముప్ఫై ఏళ్లు కదలని ఇంజను పూర్తిగా పాడయ్యేది ఆ తొందరలోనే.

కారు ఊరికే నిలబడితే అరగదు కదా అనుకుంటాం. కానీ ఇంజను లోపల పిస్టన్ రింగులు తుప్పుపట్టి సిలిండర్ గోడకు అతుక్కుపోతాయి. సెల్ఫ్ కొట్టి బలవంతాన తిప్పితే రింగులు విరుగుతాయి, గోడలు గీసుకుపోతాయి. అందుకే ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో రంధ్రంలో కాస్త ఇంజనాయిలు పోసి రెండు మూడు రోజులు నాననివ్వాలి. ఆ తర్వాత పాతకాలపు హ్యాండిలు పెట్టి చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. కదలకపోతే మళ్లీ ఆయిలు, మళ్లీ ఓపిక. పాత మెకానిక్కులు చేసే పని ఇదే. ఈ మాట వినగానే నవ్వి, "తోసి స్టార్ట్ చేద్దామమ్మా" అనే మెకానిక్కుకు మాత్రం బండి అప్పజెప్పకండి.

ఇంతకంటే ముందు తలుపులన్నీ తెరిచి, కర్రతో తట్టి చూడండి. కొట్టంలో ఉన్న బండి కదా, సీట్లలో ఎలుకల గూళ్లు, వాటికోసం వచ్చిన పాము కూడా ఉండొచ్చు. ఎలుకలు కొరికిన వైర్లకు బ్యాటరీ తగిలిస్తే నిప్పు రాజుకోవచ్చు. వైరింగు మొత్తం చూశాకే బ్యాటరీ.

ఇక పెట్రోలు. ట్యాంకులో మిగిలింది ఆవిరైపోగా అడుగున బంకలాంటి మడ్డి చేరుతుంది. మూత తీస్తే పాత వార్నిషు వాసన వస్తుంది. ఆ మడ్డి కార్బురేటర్‌లోని సన్నని రంధ్రాలను మూసేస్తుంది. ట్యాంకు దించి కడిగించాలి, కార్బురేటర్ విప్పి శుభ్రం చేయించాలి. ఇది ఆడవాళ్లకు అర్థంకాని విద్య అనేవాళ్లుంటే బెర్తా బెంజ్ సంగతి చెప్పండి. 1888లో ఆవిడ భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, ఆయన తయారుచేసిన కారులో జర్మనీలో వందకు పైగా కిలోమీటర్లు వెళ్లింది. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసుకుంది!

ఇంకో సంగతి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాతకాలపు రబ్బరు గొట్టాలు, వాషర్లు దానికి తట్టుకోలేక మెత్తబడి కారతాయి. తట్టుకునే రకం కొత్తవి వేయించాల్సిందే.

బండి నడవడం కన్నా ఆగడం ముఖ్యం. బ్రేక్ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దాంతో సిలిండర్లు తుప్పుపడతాయి. కాబట్టి బ్రేకు పనంతా కొత్తగా చేయించాలి. టైర్లు పైకి గట్టిగా కనిపించినా రబ్బరు పెళుసైపోయి ఉంటుంది, మార్చాలి. రేడియేటర్ కడిగించకుండా మన ఎండల్లో రోడ్డెక్కితే సగం దారిలోనే పొగలు.

విడిభాగాలు దొరుకుతాయా అంటారా? అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. ఫియట్‌గా మనం పిలుచుకున్న పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. అయినా చెన్నై పుదుపేటలో పాత బండ్ల సామాన్ల అంగళ్లున్నాయి. వెతికేవాళ్లకు దొరుకుతాయి. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూశారా? ఆరో నిజాం ఆర్డరిచ్చిన 1912 నాటి బండి అది. దశాబ్దాలు కదలకుండా ఉండిపోయిన దాన్ని మళ్లీ బాగుచేయించారు. మన ఇంటి బండికి ఆ వైభోగం అక్కర్లేదు, ఊళ్లో నాలుగు వీధులు తిరిగితే చాలు!

డబ్బు దగ్గరా జాగ్రత్త అవసరం. "మొత్తం ఇంత" అని ఒకేసారి ఒప్పుకోవద్దు. ఇంజను తిరిగితే ఇంత, బ్రేకులయ్యాక ఇంత, రంగు అన్నిటికన్నా చివర. మార్చిన పాత సామాను గోనెసంచిలో వేసి ఇమ్మనండి. నిజంగా మార్చారో లేదో తెలుస్తుంది.

ఇక అసలు చిక్కు కాగితాలతో. ఆర్‌సీ పోయినాయన పేరునే ఉంటుంది. యజమాని పోతే ముప్ఫై రోజుల్లో రవాణా శాఖకు తెలిపి, మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్పించుకోవాలన్నది నిబంధన. ఏళ్లు గడిచిపోయినా చేయించాల్సింది అదే. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని వెళ్లి కనుక్కోండి. ఇక్కడే ఆడపిల్లల మాట మరిచిపోతారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకపోతే తండ్రి స్వార్జితంలో తల్లికీ, కొడుకులకీ, కూతుళ్లకీ సమాన వాటా. కారూ ఆస్తే! పాతిక్కేజీల ఇనుము లెక్కన అన్న అమ్మేశాక తెలుసుకుని ఏడ్చేకన్నా, ముందే అందరూ కూర్చుని మాట్లాడుకోవడం మేలు.

యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ చేయని కారైతే 2021లో వచ్చిన నిబంధనల కింద 'వింటేజ్'గా నమోదు చేయించుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ అలా నమోదైన బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనల్లాంటి వాటికే తీయాలి. సంతకూ బడికీ తిప్పాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణే దారి. ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గాలి, బీమా ఉండాలి.

ఇవన్నీ లెక్కవేసుకున్నాక వద్దనిపిస్తే అదీ తప్పు కాదు. అయితే పాత ఇనుము బండివాడికి ఊరికే ఇచ్చేయకండి. గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రానికే అప్పగించి, ధ్రువపత్రం తీసుకుని, ఆర్‌సీ రద్దు చేయించండి. లేకపోతే ఆ నంబరు ఇంకెక్కడో తిరగొచ్చు.

ఉంచుకుని బాగుచేయించారనుకోండి. మొదటిరోజే నెల్లూరు ప్రయాణం పెట్టుకోవద్దు. ఊరి పొలిమేర దాకా వెళ్లి వచ్చి, రాత్రి బండి కింద ఓ పెద్ద అట్టముక్క పరవండి. తెల్లారి చూస్తే ఆయిలు ఎక్కడ కారుతోందో దానిమీద మరకలే చెబుతాయి.